యాక్సిలరేటర్ తొక్కినా లాగని కారు: లోపాన్ని కొలిచి పట్టుకున్న నా అనుభవం

నెమ్మదిగా నడిపితే ఏ తేడా తెలియదు. ఐడిల్ (పెడల్ తొక్కకుండా ఇంజన్ తిరగడం) నిలకడగా ఉంది, చల్లని ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది, మైలేజీ కూడా పెద్దగా పడలేదు. మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే తేడా. 3,000 ఆర్పీఎం దాటగానే బండి బరువెక్కిపోతుంది, వెనక తాడు కట్టి ఎవరో పట్టుకున్నట్టు. కుదుపు లేదు, మిస్ కొట్టడం లేదు. పెడల్ కాస్త వదిలితే మళ్లీ తేరుకుంటుంది. స్టార్ట్ చేసిన మొదటి పదిహేను నిమిషాల్లో ఈ బాధ ఉండదు, ఆ తర్వాతే మొదలవుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు.

కారు 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు. టర్బో లేదు. ఇంజెక్టర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉన్నాయి, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంది, పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంది, రిటర్న్ పైపు లేదు.

ఇలాంటి ఫిర్యాదుకు మామూలుగా ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముందు స్పార్క్ ప్లగ్గులు మారుస్తారు, తర్వాత ఎయిర్ ఫిల్టర్, తర్వాత త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటం) శుభ్రం, ఆ తర్వాత పంపు. ఒక్కో సామాను మార్చినప్పుడల్లా రెండు రోజులు బాగున్నట్టే అనిపించి మళ్లీ మొదటికొస్తుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒక్కటే: నిలబడి ఉన్న బండి మీద పరీక్షలు చేసి, పరుగెత్తేటప్పుడు వచ్చే జబ్బుకు మందు వెతకడం. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కనిపించే లోపాన్ని పెడల్ తొక్కి ఉన్నప్పుడే కొలవాలి. ఈ బండిలో మొదటి నుంచి చివరి వరకు, ఇంజన్ దగ్గరైనా వైరు దగ్గరైనా, నాకు దారి చూపింది ఆ ఒక్క సూత్రమే.

స్కానర్ పెట్టే ముందు పది నిమిషాలు

కొన్ని వాటికి మీటరు అక్కర్లేదు. పెడల్ కింద కార్పెట్ మ్యాట్ మడతపడి పెడల్‌ను పూర్తిగా దిగనివ్వకపోవడం నిజంగా జరిగే విషయమే, ముందు అదే చూడండి. ఇంజన్ రేజ్ పెరుగుతోంది కానీ వేగం పెరగడం లేదంటే అది ఇంజన్ జబ్బు కాదు, క్లచ్ జారుతోంది. కాస్త దూరం నడిపి ఆపాక ఒక చక్రం రిమ్ము మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి ఫిల్టర్‌ను వెలుతురుకు ఎత్తి చూడాలి. డబ్బాలో ఎలుక గూడు, ఆకులు, ప్లాస్టిక్ కవరు ఉన్న బండ్లు ఉంటాయి. ఎయిర్ ఫ్లో సెన్సర్‌కూ త్రాటిల్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూడాలి. దాని ముడతల మధ్య పగులు మామూలుగా కనిపించదు, ఇంజన్ కదిలినప్పుడే తెరుచుకుంటుంది.

వీటిలో ఏదీ ఇక్కడ లేదు. కుదుపు లేకపోవడం కూడా ఒక ఆనవాలే. ప్లగ్గు, కాయిల్ దెబ్బతింటే లోడ్‌లో బండి మెత్తగా తగ్గదు, తుళ్లుతుంది. ఎందుకంటే ఒక సిలిండర్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మెత్తగా, అన్ని సిలిండర్లూ కలిసి నీరసించాయంటే గాలి గానీ పెట్రోలు గానీ తక్కువవుతోందని నా మొదటి అంచనా. అంచనా అంచనాయే, రుజువు కాదు.

రెండు అంకెలు

కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే సాధారణ ఓబీడీ-2 స్కానర్, ఫోన్‌లో రికార్డు చేసే యాప్ ఉంటే చాలు. నేను రికార్డు చేసినవి ఇవి: ఆర్పీఎం, త్రాటిల్ కోణం, గాలి ప్రవాహం సెకనుకు ఎన్ని గ్రాములు, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ట్రిమ్ అంటే ఆక్సిజన్ సెన్సర్ మాట విని ఇంజన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె. షార్ట్ టర్మ్ ఆ క్షణానిది, లాంగ్ టర్మ్ అలవాటైపోయినది. అంతకంటే ఎక్కువ పెడితే స్కానర్ ఒక్కోదాన్ని వంతులవారీగా అడుగుతూ పోతుంది, రికార్డు మందకొడిగా వస్తుంది. నడిపేవారు ఒకరు, ఫోన్ చూసేవారు మరొకరు ఉండాలి. నడుపుతూ స్క్రీన్ చూడకండి. ఖాళీ రోడ్డు, కాస్త ఎత్తు ఉంటే మరీ మంచిది. మూడో గేరులో 2,000 ఆర్పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కి, వేగపరిమితి దాటకుండా వీలైనంత పైకి వెళ్లి వదిలేయాలి. లీన్‌గా, అంటే పెట్రోలు చాలక మండుతున్న ఇంజన్‌ను అదేపనిగా ఫుల్ లోడ్‌లో తొక్కితే వాల్వులకూ పిస్టన్లకూ ప్రమాదం. రెండు మూడు పరుగులు చాలు.

మొదట కోడ్లు. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్లు (కంప్యూటర్ గమనించి, ఇంకా ఖాయం చేయని లోపాల సంఖ్యలు) చూడాలి. పీ0171 ఉంది, అంటే మిశ్రమం లీన్, గాలికి తగినంత పెట్రోలు లేదు. అదే లోపం మరో ప్రయాణంలోనూ కనబడితే తప్ప లైటు వెలిగించని కోడ్ ఇది. పీ0300 నుంచి పీ0304 దాకా ఉండే మిస్‌ఫైర్ కోడ్లు ఏవీ లేవు. ఇది చూడకుండా ముందుకు వెళ్లకూడదు. మిస్ కొట్టిన సిలిండర్ నుంచి మండని ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి పోతుంది, సెన్సర్ దాన్ని లీన్ అని చూపిస్తుంది. పెట్రోలు సరిపోతున్నా పెట్రోలు తక్కువైందని మోసపోతాం.

లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లో +4 శాతం, స్థిరంగా 60 కిలోమీటర్ల వేగంలో +9, ఎత్తు మీద నిదానంగా ఎక్కేటప్పుడు +19. ఈ వరుస చాలా చెబుతుంది. ఎక్కడో వాక్యూమ్ గొట్టం చీలి గాలి లోపలికి పోతుంటే వరుస తిరగబడి ఉండేది. ఐడిల్‌లో మొత్తం గాలే తక్కువ కాబట్టి ఆ చిన్న చీలిక వాటా పెద్దది, ట్రిమ్ ఎక్కువ. రేజ్ పెరిగే కొద్దీ ఆ వాటా కరిగిపోతుంది. ఇక్కడ లోడ్ పెరిగే కొద్దీ ట్రిమ్ పెరుగుతోంది. దీనికి మిగిలేవి రెండే: ఎయిర్ ఫ్లో సెన్సర్ గాలిని తక్కువ చేసి చెప్పడం, లేదా పెట్రోలు నిజంగానే అందకపోవడం. ట్రిమ్ ఒక్కదాన్నే చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే సెన్సర్ మార్చేస్తారు.

వేరు చేయడానికి చిన్న లెక్క ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యమంత గాలి పీలుస్తుంది. 1.5 లీటర్ల ఇంజన్ 4,500 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 1.5 ఇంటూ 2,250, అంటే 3,375 లీటర్లు పీల్చగలదు. సెకనుకు 56 లీటర్లు. 30 డిగ్రీల వేడిలో, సముద్రమట్టానికి దగ్గరలో, లీటరు గాలి బరువు సుమారు 1.16 గ్రాములు. అంటే సిద్ధాంతం ప్రకారం సెకనుకు 65 గ్రాములు. టర్బో లేని ఆరోగ్యమైన ఇంజన్ ఫుల్ త్రాటిల్‌లో ఇందులో 75 నుంచి 90 శాతం పీలుస్తుంది. ఎత్తైన ప్రదేశంలో ఉంటే ప్రతి వెయ్యి మీటర్లకు పదో వంతు తగ్గించి చూసుకోవాలి.

నా రికార్డులో 4,500 దగ్గర గాలి 54 గ్రాములు. అంటే 83 శాతం. ఇంజన్ గాలి బాగానే పీలుస్తోంది, సెన్సర్ నిజమే చెబుతోంది. ఈ ఒక్క అంకెతో ఎయిర్ ఫిల్టర్, త్రాటిల్, ఎయిర్ ఫ్లో సెన్సర్, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్, జారిన టైమింగ్ చైన్, అన్నీ అనుమానాల జాబితాలోంచి పోయాయి. ఒక్క బోల్టు కూడా విప్పకుండానే.

రెండో అంకె ఆక్సిజన్ సెన్సర్‌ది. ఫుల్ త్రాటిల్‌లో కంప్యూటర్ కావాలనే మిశ్రమాన్ని చిక్కగా ఇస్తుంది, మామూలుగా ఇచ్చే 14.7కి బదులు 12.5 నుంచి 13 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు. అప్పుడు మామూలు ఆక్సిజన్ సెన్సర్ 0.8 నుంచి 0.9 వోల్టుల మధ్య నిలబడాలి. ఇక్కడ పెడల్ తొక్కిన మొదటి క్షణాల్లో 0.85 చూపించి, 3,200 ఆర్పీఎం దాటగానే 0.12కి పడిపోయింది, వదిలేదాకా అక్కడే ఉంది. ఈ సమయంలో షార్ట్ టర్మ్ ట్రిమ్ సున్నా చూపిస్తుంటే కంగారు పడొద్దు. ఫుల్ త్రాటిల్‌లో కంప్యూటర్ సెన్సర్ మాట వినడం మానేస్తుంది కాబట్టి ఆ అంకెకు అప్పుడు అర్థం లేదు, వోల్టేజీనే నమ్మాలి. కొన్ని కార్లలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటుంది. అందులో వోల్టులు కాదు, ల్యాంబ్డా విలువ (గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోతే 1) చూడాలి. 0.85 నుంచి 0.9 ప్రాంతం మంచిది, 1 దాటితే లీన్.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే దారి దానంతట అదే తెరుచుకుంటుంది. గాలి సరిగ్గా ఉంది, మిశ్రమం లీన్ అయితే పెట్రోలు అందడం లేదు. గాలి తక్కువ చూపిస్తోంది, మిశ్రమం లీన్ అయితే సెన్సర్ తక్కువ చెబుతోంది, లేదా సెన్సర్ దాటాక గాలి దొంగదారిన వస్తోంది. గాలి తక్కువ, మిశ్రమం మాత్రం సరిగ్గా ఉంటే ఇంజన్‌కు ఊపిరాడటం లేదు, సైలెన్సర్ వైపు చూడాలి. రెండూ సరిగ్గా ఉండి కూడా లాగకపోతే ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోతోందేమో, క్లచ్ జారుతోందేమో చూడాలి. ఎయిర్ ఫ్లో సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌తో నడిచే కార్లలో ఈ లెక్క పనిచేయదు. అక్కడ ఫుల్ త్రాటిల్‌లో ఆ సెన్సర్ బయటి గాలి ఒత్తిడికి నాలుగైదు కిలోపాస్కల్స్ లోపు రావాలి. అలాంటి కారులో సైలెన్సర్ మూసుకుపోతే మిశ్రమం లీన్ కాదు, రిచ్ (పెట్రోలు ఎక్కువైన) వైపు వెళ్తుంది. ఎందుకంటే కంప్యూటర్ ఊహించినంత గాలి సిలిండర్లోకి పోవడం లేదు.

పెట్రోలు వైపు

ఐడిల్ బాగుండి లోడ్‌లో ఎందుకు చస్తుందో అర్థం కావాలంటే ఎంత పెట్రోలు కావాలో చూడాలి. సెకనుకు 54 గ్రాముల గాలికి 12.8 నిష్పత్తిలో 4.2 గ్రాముల పెట్రోలు. గంటకు లెక్కేస్తే సుమారు 20 లీటర్లు. ఇదే ఇంజన్ ఐడిల్‌లో గంటకు లీటరు కూడా తాగదు. ఇరవై రెట్లకు పైగా తేడా. నీరసించిన పంపు అయినా ఐడిల్‌కు సరిపడా ఇచ్చేస్తుంది, గేజీలో ముల్లు కదలదు. "ప్రెషర్ చూశాం, బాగానే ఉంది" అని నిలబడిన బండి దగ్గర చెప్పే మాటకు అందుకే విలువ లేదు.

ప్రెషర్ గేజీ బిగించే ముందు లైనులో ఉన్న ఒత్తిడి దించాలి. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, అది దానంతట అది ఆగిపోయేదాకా ఉంచాలి. తర్వాత మరో రెండు సార్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఇంజన్ చల్లగా ఉండాలి, కళ్లకు అద్దాలు, జాయింటు చుట్టూ గుడ్డ, చేతికందేలా మంటలార్పే సిలిండర్. ఇంతచేసినా నాలుగు చుక్కలు కారతాయి, గుడ్డతో అద్ది ఆరుబయట ఆరేయాలి. గేజీ గొట్టం పొడుగ్గా ఉండాలి. బానెట్ సందులోంచి తెచ్చి, గేజీని విండ్‌షీల్డ్ బయటివైపు టేపుతో గట్టిగా అతికించాను. పెట్రోలు ఉన్న గేజీని క్యాబిన్ లోపలికి తేకూడదు. బయల్దేరే ముందు ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పి, ప్రతి జాయింటునూ టార్చితో చూడండి. గొట్టం వేడి భాగాలకూ తిరిగే బెల్టుకూ దూరంగా కట్టి ఉండాలి.

ఈ కారుకు సరైన ఒత్తిడి 3.5 బార్. మీ బండిది మాన్యువల్‌లో చూడండి. పాత పద్ధతి రెగ్యులేటర్ (పెట్రోలు ఒత్తిడిని అదుపుచేసేది) ఉన్న కార్లలో వాక్యూమ్ గొట్టం తీస్తే అర బార్ దాకా పెరగడం మామూలే. ఐడిల్‌లో 3.5. నిలబెట్టి 4,000 దాకా రేజ్ చేస్తే 3.4. లోపం లేదనే అనిపిస్తుంది. ఇరవై నిమిషాలు నడిపాక మూడో గేరులో పెడల్ తొక్కితే ముల్లు రెండు సెకన్లలో 2.3కి దిగిపోయింది. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.3ని 3.5తో భాగించి వర్గమూలం తీస్తే 0.81. అంటే కంప్యూటర్ అడిగినదానిలో దాదాపు ఐదో వంతు తక్కువ వస్తోంది. ట్రిమ్ చూపించిన +19కి ఇది దగ్గరగానే ఉంది. రెండు వేర్వేరు పరికరాలు ఒకే మాట చెప్పినప్పుడు వచ్చే ధైర్యం వేరు.

ఇక్కడ ఆగి పంపు కొనేస్తే సగం పనే చేసినట్టు. ఒత్తిడి పడిందంటే పంపు చెడింది అని కాదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ట్యాంకులో పంపు కింది జల్లెడ మూసుకుపోయి ఉండొచ్చు, రెగ్యులేటర్ కారిపోతూ ఉండొచ్చు, లేదా పంపుకు కరెంటు అందకపోవచ్చు. పంపు మోటారు తీసుకునే కరెంటును క్లాంప్ మీటరుతో చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఇలాంటి పంపులు సాధారణంగా 4 నుంచి 7 ఆంపియర్లు తీసుకుంటాయి. ఫిల్టర్ అడ్డుపడితే పంపు తోసుకుంటూ ఎక్కువ తీసుకుంటుంది. జల్లెడ మూసుకుపోయి పెట్రోలు అందకపోతే కరెంటు తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. కరెంటూ తక్కువ, చప్పుడూ మందంగా ఉంటే వైరింగ్ అనుమానించాలి. ఇక్కడ 3.4 ఆంపియర్లు. వెనక సీటు ఎత్తి చెవి పెడితే పంపు మూలుగు సన్నగా కాకుండా బొంగురుగా ఉంది. మోటారు నెమ్మదిగా తిరుగుతోంది.

పంపుకు వైర్లు తగిలే ప్లగ్గు వెనక నుంచి, వైరు పక్కగా సన్నటి పిన్ను దూర్చి వోల్టేజీ చూశాను. ఇన్సులేషన్ పొడిచి కన్నం పెట్టకండి, తేమ అక్కడి నుంచే పోతుంది. ప్లగ్గు ఊడదీసి కూడా కొలవకండి. ఊడదీస్తే కరెంటు పారదు, కరెంటు పారకపోతే ఎంత పాడైన వైరైనా నిండు వోల్టేజీ చూపిస్తుంది. నిజంగానే అలా చేసి చూశాను, తేడా కళ్లారా చూడటానికి: ప్లగ్గు ఊడదీసి కొలిస్తే, ఇంజన్ ఆగిపోకముందు ఆ కొద్ది క్షణాల్లో బ్యాటరీ దగ్గరున్న 14 వోల్టులూ అక్కడ ఉన్నాయి. ప్లగ్గు పెట్టి, ఇంజన్ నడుస్తూ, వేడెక్కాక కొలిస్తే 8.6. వైరు తెగిందో లేదో మీటరు చప్పుడుతో చూసే కంటిన్యూటీ పరీక్ష కూడా ఇంతే. పది తీగల్లో తొమ్మిది తెగినా ఒక్క తీగతో మీటరు కూ అంటుంది.

దాదాపు ఐదున్నర వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. ఎటువైపో తెలియాలంటే రెండు కొలతలు చాలు. మీటరు ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది పంపు పాజిటివ్ మీద: 0.5 వోల్టు. ఒక కొన పంపు నెగటివ్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద: 4.9. లోపం ఎర్త్ వైపు, అంటే పంపు నుంచి కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారిలో ఉంది. అయితే కొన్ని కార్లలో పంపును ఒక మాడ్యూల్ వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడుపుతుంది. అక్కడ మామూలు మీటరు సగటు మాత్రమే చూపిస్తుంది కాబట్టి 8 వోల్టులు కనిపించినంత మాత్రాన లోపం అనుకోకూడదు. వైరింగ్ డయాగ్రమ్ చూసి, ఆసిలోస్కోప్ ఉంటే దానితో చూడాలి.

విప్పే ముందు రుజువు కావాలి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, పంపు నెగటివ్ పిన్ను నుంచి కారు బాడీ మీద శుభ్రమైన బోల్టుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తాత్కాలికంగా కట్టాను. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా తగిలిస్తే నిప్పురవ్వ వస్తుంది. ట్యాంకు మూత దగ్గర అది ప్రాణం మీదికి తెచ్చే పని. అదే రోడ్డు, అదే గేరు. ముల్లు 3.4 దగ్గర నిలబడింది, ఆక్సిజన్ సెన్సర్ 0.87లో ఉంది. పంపు, ఫిల్టర్, జల్లెడ, రెగ్యులేటర్, నాలుగూ నిర్దోషులని ఆ ఒక్క వైరు తేల్చింది.

వైరును వెంబడిస్తే వెనక సీటు పక్కన కార్పెట్ కింద ఒక ఎర్త్ బోల్టు దగ్గర తేలింది. కార్పెట్ అడుగు తడి. రింగ్ టెర్మినల్ కింద తెల్లగా, పచ్చగా పొడి పట్టింది, పక్కనే ఇన్సులేషన్ వేడికి గోధుమరంగు తిరిగింది. 3.4 ఆంపియర్లు, 4.9 వోల్టులు, అంటే 16 వాట్లకు పైగా వేడి ఆ చిన్న చోట పుడుతోంది. మొదటి పదిహేను నిమిషాలు బండి బాగుండటానికి కారణం ఇదే. చల్లగా ఉన్నప్పుడు ఆ జాయింటు ఎలాగో పట్టుకునేది, వేడెక్కే కొద్దీ నిరోధం పెరిగేది.

బాగు చేయడం చిన్న పనే, కానీ అరకొరగా చేస్తే ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, బోల్టు విప్పి, బాడీ రేకును తుప్పూ రంగూ పోయి మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. వైరు రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి. ఇక్కడ నాలుగు సెంటీమీటర్లు పోయింది, అంత పొడవు కొత్త వైరు జోడించాల్సి వచ్చింది. నల్లటి రాగి మీద కొత్త టెర్మినల్ నొక్కితే లోపాన్ని దాచినట్టే. వైరు మందానికి సరిపడే రింగ్ టెర్మినల్‌ను క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లాగి చూసి, హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. పళ్ల వాషర్‌తో బిగించాలి. బిగించిన తర్వాతే, ముందు కాదు, పైన గ్రీజు పూయాలి. చివరగా తడి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. వెనక తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు అంచు ఊడి, తలుపులో పడ్డ నీళ్లు బయటకు కాకుండా లోపలికి వస్తున్నాయి. దాన్ని బ్యూటైల్ టేపుతో అతికించి, తలుపు అడుగున ఉన్న నీటి రంధ్రాలు తెరిచి, కార్పెట్ ఎత్తి రెండు రోజులు ఆరబెట్టాను.

మళ్లీ కొలిస్తే ఎర్త్ వైపు నష్టం 0.06 వోల్టు. పంపు కరెంటు 5.1 ఆంపియర్లకు పెరిగింది. కానీ పాజిటివ్ వైపు ఇంతకుముందు 0.5 ఉన్నది 0.75 అయింది. ఇది కొత్త లోపం కాదు, పాతదే. కరెంటు సగం రెట్టు పెరిగితే అదే నిరోధం మీద నష్టమూ అంతే పెరుగుతుంది. ఎర్త్ చెడి ఉన్నన్నాళ్లూ దాని చాటున ఇది దాగి ఉంది. ఫ్యూయల్ పంపు రిలే తీసి చూస్తే ఒక పిన్ను నీలిరంగు తిరిగింది, దాని సాకెట్ వదులైంది. రిలే మార్చి, సాకెట్ టెర్మినల్ కొత్తది వేశాక 0.2. బాగుచేసిన తర్వాత రెండోసారి కొలవకపోతే ఈ రిలే కొన్నాళ్లకు రోడ్డు మీద బండిని ఆపేసేది.

స్పార్క్ ప్లగ్గులు కూడా విప్పి చూశాను, మార్చడానికి కాదు, లీన్‌గా మండిన గుర్తులు ఉన్నాయేమోనని. పింగాణీ సున్నంలా తెల్లబడటం, కొనలు కరగడం, చిన్న చిన్న అల్యూమినియం పూసలు అంటుకోవడం లాంటివి ఉంటే పిస్టన్ దాకా దెబ్బ పోయిందని అనుమానించి కంప్రెషన్ చూడాలి. ఇక్కడ పింగాణీ లేత గోధుమరంగులో ఉంది.

లాంగ్ టర్మ్ ట్రిమ్ ఒక్కరోజులో తగ్గదు. కంప్యూటర్ లీన్‌కు అలవాటుపడి పెట్రోలు ఎక్కువ ఇవ్వడం నేర్చుకుని ఉంటుంది. స్కానర్‌తో ట్రిమ్ చెరిపేయొచ్చు కానీ, నేను చెరపకుండా వదిలేసి రోజూ రాసుకున్నాను, అది తనంతట తాను దిగడమే అసలైన సాక్ష్యం కాబట్టి. 60 కిలోమీటర్ల వేగంలో +9 ఉన్నది మూడు రోజుల్లో +2కి వచ్చింది. పెండింగ్ కోడ్ తిరిగి రాలేదు. మూడో గేరులో 40 నుంచి 80 కిలోమీటర్లకు చేరడానికి ముందు 15 సెకన్లు పట్టేది, అదే రోడ్డు మీద ఇప్పుడు తొమ్మిదిన్నర.

టర్బో డీజిల్ బండికి పరికరాలు మారతాయి, పద్ధతి మారదు. అక్కడ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అంకెలు కంప్యూటర్ అడిగిన బూస్టు (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్టు. అడిగిన రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే డీజిల్ ఒత్తిడి), నిజంగా వచ్చిన రైల్ ప్రెషర్. బూస్టు తక్కువై నల్ల పొగ వస్తుంటే ముందు ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడండి. జాయింటు దగ్గర ఆయిల్ తడి, దాని మీద దుమ్ము పట్టి ఉంటే ఒత్తిడి పెరిగినప్పుడు గొట్టం అక్కడే విడిపోతోంది. తర్వాత టర్బో యాక్చుయేటర్‌కు వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టాలు. రైల్ ప్రెషర్ అడిగినంత రాకుండా పీ0087 కోడ్ ఉంటే డీజిల్ ఫిల్టర్‌తో మొదలుపెట్టి ట్యాంకు వైపు వెనక్కి వెళ్లాలి. బూస్టు తక్కువకు పీ0299. రెండు సందర్భాల్లోనూ చాలా కార్లలో కంప్యూటర్ ఇంజన్‌ను కాపాడటానికి లింప్ మోడ్‌లోకి (శక్తి తగ్గించి నడిపే స్థితిలోకి) వెళ్తుంది, ఇగ్నిషన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు బాగుంటుంది. ఆ కాసేపట్లోనే రికార్డు చేయాలి. బండి మళ్లీ లింప్ మోడ్‌లోకి పోయే ముందు ఉన్న రెండు మూడు సెకన్లలో అడిగిన అంకె నుంచి వచ్చిన అంకె ఏది ముందు విడిపోయిందో, దాని వెంటే వెళ్లాలి.